మంటలో పసుపు ఎటుపోయింది

మొన్న పప్పుచారు పొంగి పొయ్యి మీద పడింది. ఉప్పు తగిలి నీలం మంట కాస్తా పసుప్పచ్చగా లేచింది. గుడ్డ వెతుక్కోవాల్సినదాన్ని, చిక్కడపల్లిలో పిన్ని వంటిల్లు గుర్తొచ్చి అలాగే నిలబడిపోయాను.

బాబాయి అడిక్‌మెట్ దగ్గరి యూనివర్సిటీలో ప్రయోగశాలలకు గాజు సామాను ఊదేవారు. కాలే గాజు పసుపు వెలుగు కళ్ళలో కొట్టకుండా లేత ఊదారంగు అద్దాల జోడు పెట్టుకునేవారు. ఆయన పోయాక పిన్ని ఆ జోడు ముక్కుమీద ఎక్కించుకుని, చారు పొంగినప్పుడల్లా పొయ్యిలోకి చూసేది. మతి చలించిందని చుట్టాలు గుసగుసలాడారు. మతి సంగతేమో గానీ, ఆ ఇంట్లో చారు పొంగడం మాత్రం మరీ ఎక్కువైంది.

నేను నారాయణగూడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. సాయంత్రం నల్లకుంటలో మా ఇంటికి వెళ్తూ పిన్నిని పలకరించేదాన్ని. లేవబోతే చాలు, "ఉండవే, ఈ అద్దాల్లోంచి చూస్తే మంటలో పసుపు ఎటుపోతోందో చెప్పి వెళ్ళు" అనేది. మళ్ళీ కూర్చునేదాన్ని. ఆ గాజులో ప్రెసియోడిమియం, నియోడిమియం అనే లాంథనైడ్ జాతి లోహాలు ఉంటాయనీ, వాటి ఫోర్ ఎఫ్ ఎలక్ట్రాన్లు బయటి పొరల చాటున లోపలెక్కడో ఉంటాయనీ, చుట్టూ ఏ అణువులున్నా వాటికి పెద్దగా సెగ తగలదనీ చెప్పేదాన్ని. అందుకే అవి వెలుగులో సన్నటి ముక్కల్నే మింగుతాయి. ఉప్పు మంటలోని పసుపు అలాంటి ఒక ముక్క. "పక్కన ఎవరున్నా లోపలివాటికి తెలీదన్నమాట, పాపం" అనేది పిన్ని. మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేది. ఇంత మొద్దు విద్యార్థిని నా సర్వీసులో చూడలేదని నవ్వుకునేదాన్ని.

ఒకరోజు కాలేజీ తొందరగా వదిలారు. మెట్లెక్కుతుంటే వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. ఇంట్లో పనిచేసే పాలమూరు అక్కకి ఆ జోడు పెట్టి నా పాఠమంతా పొల్లుపోకుండా చెబుతోంది, నేను హడావిడిలో వదిలేసే ఫైవ్ ఎస్, ఫైవ్ పి అనే ఆ బయటి పొరల పేర్లతో సహా.

"గట్లనా అమ్మా? గింత అద్దంల గంత కత ఉందా?" అంది అక్క.

"నాకు వచ్చేసిందని మా అమ్మాయితో అనకు. తెలిస్తే అది సాయంత్రం కూర్చోదు."

చప్పుడు చేయకుండా దిగి, కాసేపు రోడ్డు మీద తిరిగి, రోజూ వచ్చే వేళకే వెళ్ళాను. పిన్ని అడిగింది. మొదటినుంచీ చెప్పాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు నేను అశోక్‌నగర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పై అంతస్తులో గ్రూప్స్‌కి చదివే అమ్మాయి అప్పుడప్పుడు పంచదార కోసం వస్తుంది. వెళ్ళబోతుంటే, "ఉండమ్మా, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయడం ఎలాగో చెప్పి వెళ్ళు" అంటాను. పాపం, ఓపిగ్గా చెబుతుంది. అది నాకెప్పుడో వచ్చేసింది. పిన్ని సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉండేవో మాత్రం ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.