నాదస్వరం మీద కుమ్మరి పురుగు గూడు

ఆ కుర్చీ వదిలేసి ఇట్లా చాప మీదికి వచ్చి నా పక్కన కూర్చోండి. గొంతెత్తి చెప్పే మాట కాదిది. మా ఆయన పక్క గదిలోనే ఉన్నాడు, వింటే మధ్యలో దూరి కథంతా తనదంటాడు.

మా ఆయన నాదస్వరం వాయిస్తాడు. చంద్రగిరి చుట్టుపక్కల ఏ ఇంట్లో తాళి కట్టినా ఆ ఘడియకు ఊదేది ఆయనే అన్నట్టు చాలా కాలం నడిచింది. అట్లాంటి మనిషికి పోయినేడు పళ్ళు కదిలాయి. ఒకటి పోతే పక్కది, అది పోతే దాని పక్కది. తిరుపతిలో డాక్టరు మిగిలినవి కూడా పీకేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. పుండు మానే దాకా ఊదవద్దన్నాడు. ఆయన నాదస్వరాన్ని సంచిలో కూడా పెట్టకుండా దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించాడు. పుండు మానింది. మురుకులు కరకరా నమిలే దాకా వచ్చాడు. నాదస్వరం మాత్రం మేకు మీద నుంచి దిగలేదు.

ఒకనాడు మధ్యాహ్నం అందరూ పడుకున్నారనుకొని ఆయన ఊదే పీకను మాత్రం ఊడదీసి నోట్లో పెట్టుకున్నాడు. వంటింటి తలుపు సందులోంచి చూశాను. ఊదాడు. పళ్ళు జారాయి. ముక్కు పట్టేసిన పిల్లవాడు ఊపిరి తీసినట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. పీకను మళ్ళీ దాని చోట పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత వచ్చింది కుమ్మరి పురుగు.

మీరు చూసే ఉంటారు, కందిరీగ జాతిది. నడుము దారంలా ఉంటుంది, తోక వైపు బుడ్డిలా లావు. మా బట్టలుతికే బండ దగ్గర తడి మన్ను ఉండ చేసుకొని, నోట కరుచుకొని వచ్చేది. ఇంట్లో అన్ని గోడలుంటే వాటిని కాదని నాదస్వరం అడుగు భాగంలో, వెడల్పాటి మూతికి కాస్త పైన, ఉసిరికాయంత కుండ కట్టింది. ఆ బుల్లి కుండ మూతి అంచు కూడా కుమ్మరి తిప్పినట్టే తిప్పింది. దానికి సాయం చేద్దామని నేను మన్ను మెత్తగా పిసికి కిటికీలో పెట్టాను. దాని మీద వాలి, మీసాలతో తట్టి చూసి, ఇదేం పనితనం అన్నట్టు ఎగిరిపోయింది. నా మన్ను దానికి నచ్చలేదు!

కుమ్మరి పురుగు గూడు కట్టిన ఇంట్లో ఒకరికి కడుపు పండుతుందని మా పక్క నమ్మకం. మా కోడలికి అప్పటికే ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. గూడు చూడగానే చీపురు ఎత్తింది.

"అత్తా, ఇప్పుడే రాల్చేస్తా. ఉన్న ఇద్దరితోనే నా ప్రాణం పోతా ఉండాది."

"గూడు పీకితే పాపమే."

"అట్లయితే ఆ కడుపేదో నువ్వే మొయ్యి!"

నేను నవ్వలేక కూలబడ్డాను. అప్పుడు మా ఆయన లేచి వచ్చి కోడలికి అడ్డం నిలబడ్డాడు. "వద్దమ్మా, పాపం దాని ఇల్లది. దాని జోలికి ఎవరూ పోవద్దండి" అన్నాడు.

నాకు అక్కడే అనుమానం తగిలింది. పిల్లి ఎదురొచ్చినా, తుమ్మినా, "మంగళవాద్యం చేతిలో ఉండంగా నాకేం శకునం?" అని పోయే మనిషి. ఆయనకు పురుగు మీద ఇంత భక్తి ఎప్పుడు పుట్టింది?

ఇంతలో డోలు వాయించే ఆయన వచ్చాడు. మా ఆయన పక్కన కూర్చొని ముసలివాడైన మనిషి, వరసకు బావ. మనవరాలి పెళ్ళి, అలిపిరి దారిలో కళ్యాణ మండపం మాట్లాడాడు.

"తాళి కట్టే గడియకు నీ ఊదుడే ఉండల్ల బావా."

మా ఆయన వేలెత్తి చూపించాడు. "సూడు, యాడ కట్టిందో. ప్రాణమున్న గూడు గదా."

"పురుగు గూడు కట్టిందని మేళం మానుకొనేవాణ్ణి నిన్నే సూస్తా ఉండా. నీ శిష్యుని దగ్గర ఇంకోటి ఉండాది గదా?"

"అది నా చేతికి ఒదగదు."

డోలాయన గూడు వైపు చూశాడు, మా ఆయన నోటి వైపు చూశాడు. "సరే. నువ్వు రాకుంటే నేను డోలు ముట్టను. ఇంకో మేళాన్నీ పిలవను. ఫోన్లో గట్టిమేళం పెట్టి నా మనవరాలికి తాళి కట్టిస్తా. ఆ పుణ్యం నీది, నీ పురుగుది" అని, కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. మా ఆయన ఆ పూట అన్నం తినలేదు.

కోడలికి పంతం పట్టింది. ఈ పురుగు ఎప్పుడు ఖాళీ చేస్తుందో తేలుస్తానని ఫోను పట్టుకొని దాని ముందు కూర్చుంది. తీసిన వీడియోలు పెద్దవి చేసి చూపిస్తుంది, ఫోన్లో చదివి మాకు చెబుతుంది. కుండ తయారైనాక, తిండి తేకముందే, లోపల ఒక గుడ్డును సన్నటి దారంతో వేలాడదీస్తుందట, మనం ఉయ్యాల కట్టినట్టు. తర్వాత పచ్చటి ఆకుపురుగుల్ని తెచ్చి లోపలికి దూరుస్తుంది. అవి చావవు. ముల్లుతో పొడిస్తే కదలకుండా పడుంటాయి, చెడిపోకుండా. నిండినాక మూత పెట్టి పోతుంది, మళ్ళీ ఆ కుండ మొహం చూడదు. పక్కనే ఇంకో కుండ మొదలుపెడుతుంది.

మా ఆయన ఒప్పుకోలేదు. "కాదమ్మా, హరికథల్లో ఎన్నిసార్లు విన్నాను. ఆ పురుగు చెవి దగ్గర గుయ్యిమని పాడి పాడి, ఆకుపురుగును తన మాదిరి మార్చుకుంటాది. శిష్యులకు నేను చెప్పేది కూడా అదే. నా పాట వింటా ఉండండి, మీరూ నేనైపోతారు అని."

"మారేది లేదు మామా. గుడ్డులోంచి పిల్ల వచ్చి దాన్ని తినేస్తాది."

మా ఆయన చెంబు కింద పెట్టేశాడు. "అయితే ఇన్నేండ్లు నా శిష్యులు నన్ను తిన్నారా, నేను వాళ్ళని తిన్నానా?"

ఇంకో వింత విన్నప్పుడు మాత్రం మేము ముగ్గురమూ నోళ్ళు తెరిచాం. ఆ కుండలో ఆడపిల్ల పుట్టాలా మగపిల్ల పుట్టాలా అన్నది తల్లే తేల్చుకుంటుందట. ఆడపిల్ల కుండలో తిండి ఎక్కువ పెడుతుందట. "అదృష్టవంతురాలు, అత్తగారు లేరు దానికి" అని కోడలు నా వైపు చూసి కన్ను కొట్టింది.

పెళ్ళి దగ్గరపడింది. ఒక పొద్దున మా ఆయన కేక వేశాడు. "రండి, రండి! గీకతా ఉండాది!"

పరుగెత్తాం. మొదటి కుండ మీద చిన్న మచ్చ తడిగా మెరుస్తోంది. లోపలి నుంచి మన్ను నానబెట్టి కొరుకుతోంది. ముక్కలు రాలాయి. తల బయటికి వచ్చింది, తర్వాత మీసాలు, తర్వాత ఆ దారం నడుము. అంచు మీద నిలబడి రెక్కలు దులుపుకుంది. తల్లిని చూసింది లేదు, ఒకరు నేర్పింది లేదు, నేరుగా కిటికీలోంచి పోయింది.

"దీనికి ఎవరు సెప్పినారే ఇదంతా?" అన్నాడు మా ఆయన మెల్లగా.

నాకు నోరు ఆగలేదు. "నిన్న పుట్టిన పండ్లతో అది గోడ కొరుక్కోని బయటికి వచ్చేసింది. వేల రూకల పండ్లు పెట్టుకోని నువ్వు ఇంకా లోపలే ఉండావు" అన్నాను.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన మేకు మీద నుంచి నాదస్వరం దించాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మిగతా కుండలు ఇంకా మూసే ఉన్నాయి, అవి కట్టింది అడుగున ఉండే రంధ్రాల మీద. ఆ రంధ్రాల మీద వేలు పడదు. శ్రుతి కోసం వాటిని మైనంతో మూయడం ఈ వాద్యంలో మామూలే. అంటే గూడు ఉన్నా హాయిగా ఊదవచ్చు. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. డోలాయనకూ తెలుసు. పెళ్ళైన నాటి నుంచి ఆ మైనం ఉండలు చేసిచ్చినదాన్ని, నాకు తెలియదా? ముగ్గురమూ నెపం ఆ నోరులేని పురుగు మీద పెట్టి ఊరుకున్నాం.

ఊదాడు. అదే ముక్కు చప్పుడు. వీధి కుక్క జవాబు చెప్పింది. మళ్ళీ ఊదాడు, పళ్ళు జారాయి. కోపంతో రెండు వరసలూ ఊడబెరికి నా అరచేతిలో పెట్టాడు. వట్టి చిగుళ్ళ మీద పెదాలు మడిచి పీకను పట్టుకున్నాడు.

ఇల్లంతా మోగింది. కోడలి చేతిలో ఫోను కింద పడింది. పాత ధాటి లేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి? కానీ మా ఇంటి చప్పుడే అది, కొంచెం మెత్తబడి తిరిగి వచ్చింది.

పెళ్ళి నాడు డోలాయన డోలు తగిలించుకొని మాకు ఎదురొచ్చాడు. నాదస్వరానికి అంటుకొని ఉన్న మట్టి కుండల్ని చూసి, "చుట్టాల్ని కూడా తోలుకొచ్చినావే బావా" అని మాత్రం అన్నాడు. గట్టిమేళం మోగింది. నేను ముందు వరసలో, స్టీలు డబ్బీలో మా ఆయన పళ్ళు ఒళ్ళో పెట్టుకొని అక్షింతలు వేశాను. ముహూర్తంలోనే ఇంకో పురుగు పిల్ల బయటికి వచ్చి ఉంటే కథ ఎంత బాగుండేది! రాలేదు. మర్నాడు ఇంట్లో, మేమంతా నిద్రపోతుంటే వచ్చి వెళ్ళిపోయింది.

కడుపు మాట ఏమైందని అడుగుతారు, తెలుసు. కోడలు క్షేమం, నేను అంతకన్నా క్షేమం. మా పిల్లి పాత బియ్యం డబ్బాలో పిల్లల్ని పెట్టింది. పురుగు అబద్ధం చెప్పలేదు, మనిషికే అని మనమే అనుకున్నాం.

లేవండి, పొద్దుపోయింది. మీ ఇంటి గోడకూ ఒక కుమ్మరి పురుగు వాలాలి. దానికి తడి మన్నూ, మీ వంటింటికి నిండు కుండా, మీ పెద్దవాళ్ళకు నమలడానికి పళ్ళూ, అవి లేకపోతే ఊదడానికి ఊపిరీ ఉండాలి. మీ వాకిట్లో మంగళవాద్యం ఎప్పుడూ ఫోన్లోంచి మోగకుండా ఉండుగాక.