ఇమాం వలి మెచ్చిన వరద

ఇమాం వలికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. కొత్త కార్డుల సెట్టు వచ్చిన ప్రతిసారీ అందులోకెల్లా పనికిమాలిన కార్డును రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చినవాడిలా వెలిగిపోతూ, "ఇగ సూడుండ్రి, గీ ఒక్కదానితోని ఆటే మారిపోతది!" అనేవాడు. ఆట ఎన్నడూ మారలేదు. ఆయనా మారలేదు. మూడు నెలలకో కొత్త సెట్టు, మూడు నెలలకోసారి అదే మాట.

కార్డులంటే పేకముక్కలనుకునేరు. కావు. ఇవి ఎక్కడో విదేశాల్లో అచ్చయి, పొట్లానికి పదిహేను చొప్పున వచ్చేవి. కార్డుకో రాక్షసుడో, మంత్రగాడో, జంతువో. అది ఏం చేయగలదో కింద ఆవగింజంత అక్షరాల్లో రాసి ఉండేది. వాటిలోంచి ఎవరికి వాళ్ళు అరవై ఏరి కూర్చుకుంటే అదొక డెక్కు. ఎదుటివాడి కోట కూల్చినవాడు గెలిచినట్టు. ఇంతే అయితే సుఖంగా ఉండేది. కానీ మూడు నెలలకోసారి కంపెనీవాళ్ళు కొత్త సెట్టు దించేవారు. అందులోంచి ఏదో ఒక కార్డు ఊడిపడి, అప్పటిదాకా రాజ్యమేలిన డెక్కును ఒక్క పూటలో మూలన కూర్చోబెట్టేది.

ఈ వైభవంలోకి నేను అడుగుపెట్టేనాటికి నాకు యాభై దాటాయి. ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగిపోతున్న రోజులు. నేను ఒక కాలేజీలో లైబ్రేరియన్ని, నలుగురిలో నోరు విప్పని మనిషిని. పాత పత్రికలు బైండు చేయించడానికి రాంగోపాల్‌పేట్‌లో ఇమాం వలి దుకాణానికి వెళ్తే, పైగదిలోంచి "చంపెయ్! ఆ మంత్రగాణ్ణి ముందు చంపెయ్!" అని కేకలు వినిపించాయి. ఎవరినో కాపాడదామని మెట్లెక్కాను. ఆరుగురు కుర్రకారు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి నా కళ్ళద్దాలు చూసి, "సార్, ఈ చిన్నక్షరాలేటో కాస్త చదివి పెడతారా?" అంది. చదివాను. అర్థం కూడా చెప్పాను. మరుసటి ఆదివారానికి నాకూ ఒక డెక్కు ఉంది.

ఇంట్లో బైండింగ్ పనుందని చెప్పేవాణ్ణి. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం బైండు చేయించేటన్ని పుస్తకాలు ఈ ఊళ్ళో ఏ మనిషి దగ్గరా ఉండవని మా ఆవిడకు తెలుసు. అయినా అడగలేదు. నేను లేని ఆదివారం ఆవిడకూ హాయిగానే ఉన్నట్టుంది.

కొత్త సెట్టు వచ్చిన ఆదివారం ఆట ఉండేది కాదు. అందరం వరసగా, అందరి ఎదుటా పొట్లాలు విప్పాలి. అది మా ఆచారం. మంచి కార్డు వచ్చినవాడికి ఈలలు, చెత్త వచ్చినవాడికి ఎగతాళి. ఎగతాళి పతాకస్థాయికి చేరగానే ఇమాం వలి జబ్బు బయటపడేది.

ఒకసారి నాకు రాతినత్త వచ్చింది. బలం సున్నా. కదలదు. మెదలదు. లైబ్రేరియన్లాంటి కార్డు.

"సార్, దీన్ని కాయితాలు ఎగిరిపోకుండా పెట్టుకోండి," అన్నాడు బాబ్జీ. మాలో అందరికన్నా పెద్ద జీతం, అందరికన్నా పెద్ద గొంతు అతనిదే. కాకినాడ కుర్రాడు.

"ఏందయ్యా బాబ్జీ, నవ్వుతవు?" ఇమాం వలి లేచాడు. "సార్, గీ నత్తతోని ఆటే మారిపోతది. జెర నాకియ్యుండ్రి. బదులు నా డ్రాగన్ తీస్కోండ్రి."

"అబ్బే, ఆలోచించాలి భాయ్," అన్నాను.

"రెండు డ్రాగన్లు."

మూడు నిమిషాలపాటు నుదురు రుద్దుకుని, నత్తను వదల్లేక వదులుతున్నట్టు నటించాను. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ మల్కాజ్‌గిరి బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ, నాలో ఇంత వ్యాపారి ఉండి కూడా లైబ్రరీ బీరువాల మధ్య ముప్పై ఏళ్ళు వృథా అయిపోయాడే అని బాధపడ్డాను.

నేనొక్కణ్ణే కాదు, అందరూ ఆ గనిలో తవ్వుకున్నవాళ్ళే. ఆయన భార్య మహమూదా చాయ్ పంపిస్తూ కిందనుంచి కేకేసేది: "ఇయ్యాల ఎంతమంది లూటీ చేసిన్రు మా ఆయన్ని?" పోనుపోను మాకొక సూత్రం ఏర్పడింది. కొత్త సెట్టులో ఏది మంచిదో, ఏది చెడ్డదో తెలియకపోతే బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఇమాం భాయ్ మెచ్చిందా, చెత్త. అంతే. గడియారం తప్పినా ఈ సూత్రం తప్పేది కాదు.

రెండువేల ఐదులో సముద్రం సెట్టు వచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది. బెంగళూరులో దేశం మొత్తానికి పోటీ పెడుతున్నారట. క్లబ్బుకొక్క సీటు. మా క్లబ్బంటే మేం ఎనిమిది మందిమి. మూడు వారాల్లో మాలో మేం ఆడుకుని ఒకరి పేరు పంపాలి.

ఆ ఒకరు ఎవరో ఆడక ముందే అందరికీ తెలుసు. సుధ. నాచేత చిన్నక్షరాలు చదివించిన అమ్మాయి. విజయనగరం నుంచి చదువుకోడానికి వచ్చి, చదువయ్యాక మాధాపూర్‌లో ఒక కంపెనీలో చేరింది. చేరిన నాటినుంచీ ఆమెకు పని ఇవ్వలేదు. జీతమిచ్చి, ప్రాజెక్టు వచ్చేదాకా ఖాళీగా కూర్చోబెట్టడాన్ని వాళ్ళ భాషలో బెంచి అంటారు. ఐదు నెలలుగా బెంచి మీదే ఉంది. "ఈ ఊళ్ళో నాకు చేతనైన పని ఆదివారం ఒక్కటే సార్," అంది ఒకసారి నాతో. "బెంగళూరు వెళ్ళానా, ఇంకొన్నాళ్ళు ఓపిక పడతాను. లేదా, మా నాన్న చెప్పినట్టు ఇంటికెళ్ళిపోయి బీఈడీ చేసుకుంటాను." నవ్వుతూనే అంది. కానీ ఆ వారమే సూట్‌కేసుకు కొత్త జిప్పు వేయించిందని బాబ్జీ చెప్పాడు.

ఆమెది చీమల డెక్కు. అన్నీ చిన్న చిన్న ప్రాణులు. ఒక్కో చీమా దేనికీ కొరగాదు. పదో పన్నెండో పోగయ్యాయంటే మాత్రం ఏ కోటా నిలవదు. ఏడాదిగా దాన్ని ఆపగలిగినవాడు లేడు.

పొట్లాలు విప్పాం. మొదటి పొట్లంలోనే వచ్చింది వరద. చిన్నక్షరాలు నేనే పైకి చదివాను: "నేల మీదున్న చిన్న ప్రాణులన్నీ కొట్టుకుపోతాయి."

అందరం సుధ వైపు చూశాం. రెండో పొట్లంలో ఇంకో వరద. మూడోదాంట్లో రెండు. అన్నీ విప్పేసరికి మా మధ్య పంతొమ్మిది వరదలు. బాబ్జీ మెల్లగా ఈలవేసి, "చీమల పని అయిపోయిందండి బాబూ!" అన్నాడు. సుధ తన డెక్కు చుట్టూ రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి పక్కన పెట్టింది.

అప్పుడు లేచాడు ఇమాం వలి. వరదను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. ఎన్నడూ లేనంతగా వెలిగిపోయాడు.

"ఏం కార్డయ్యా ఇది! నా జిందగీల గిసొంటిది సూడలే. గీ ఒక్కదానితోని ఆటే మారిపోతది!"

బాబ్జీ తన వరదను బల్ల మీద పడేశాడు.

"ఓర్నాయనో," అన్నాడు. "భాయ్‌కి నచ్చేసింది."

అందరం ఎవరి వరదను వాళ్ళు మళ్ళీ అనుమానంగా చూసుకున్నాం. ఇందాకటి మెరుపు లేదు. "అయినా ఆరోసారి మన వంతు వచ్చేదాకా దీన్ని వెయ్యడానికి లేదుగా?" అన్నారొకరు. "అప్పటికి కోట ఉంటుందా ఊడుతుందా?" అన్నారింకొకరు. ఇమాం వలి వినిపించుకోలేదు. "నాకియ్యుండ్రి. ఒక్కో వరదకు నా దాంట్ల మీకు ఏది గావాల్నంటే అది," అని తన మంచి కార్డుల పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించాడు.

దానితో ఏ మూలో మిగిలిన సందేహం కూడా తీరిపోయింది.

ఇక్కడ నా ఘనత ఒకటి చెప్పుకోవాలి. కార్డు వదిలించుకుని ఊరుకోలేదు నేను. ఇంటికెళ్ళి, ఆ వారమంతా కూర్చుని, వరద ఎందుకు పనికిరాదో రెండు పేజీల వ్యాసం రాశాను. "వరద: ఒక భ్రమ" అని పేరు పెట్టాను. పాత సెట్లలో ఇలాంటి కార్డులు ఎలా బోల్తాపడ్డాయో ఉదాహరణలిచ్చాను. జిరాక్సు తీయించి మరుసటి ఆదివారం అందరికీ పంచాను. ఇంకా వరదలు దాచుకున్న నలుగురూ అది చదివి, అప్పటికప్పుడే ఇమాం వలికి ఇచ్చేశారు. జీవితంలో నా రచనకు అంత తక్షణ స్పందన మళ్ళీ రాలేదు.

సుధ మాత్రం కాయితం మడిచి, "సార్, మీరు రాసింది బాగానే ఉంది గానీ, నాకైతే భాయ్ చెప్పిందే నిజమనిపిస్తోంది," అంది.

నాకు చురుక్కుమంది. ఇమాం వలి మొహం కూడా అదోలా అయిపోయింది. మూడేళ్ళలో ఆయన మాట నమ్మిన మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆయన చాయ్ కప్పులో చూస్తూ, "అయినా డెక్కు మార్చకు బేటా," అన్నాడు. "చీమలకు అలవాటైన చెయ్యి వేరే జంతువుల్ని సంభాళించలేదు."

మా క్లబ్బు పోటీ రోజు వచ్చింది. మొదటి ఆటలో నా ఎదురుగా సుధ. నా దగ్గర ఇమాం వలి ఇచ్చిన డ్రాగన్లు నాలుగు. చీమలు వాటి కాళ్ళ సందుల్లోంచి దూరిపోయి, నేను కళ్ళద్దాలు తుడుచుకునే లోపల కోట తినేశాయి. సుధ "సారీ సార్," అంది. అవతలి బల్ల మీద వింత జరుగుతోంది. ఇమాం వలి బాబ్జీని ఓడిస్తున్నాడు.

వెళ్ళి చూశాను. ఆయన డెక్కులో ఒక్క వరద లేదు. ఉన్నవన్నీ మా చెత్తే! మేం ఏడిపించి వదిలించుకున్న కార్డులన్నీ అక్కడ కొలువుదీరి ఉన్నాయి. బురద మంత్రగాడు దారంతా బురద చేశాడు. నా రాతినత్త కోట వాకిట్లో కూర్చుంది. బలం లేదు, నిజమే. కానీ దానికి చావూ లేదు. ఆ రెండో వాక్యాన్ని, చిన్నక్షరాలు చదవడంలో దిట్టనైన నేను, ఆనాడు చదవనేలేదు. బాబ్జీ డ్రాగన్లు బురదలో దిగబడి నత్తను తన్నుకుంటూ తన్నుకుంటూ అలిసిపోయాయి.

"ఏటండి ఇది భాయ్? ఇవన్నీ చెత్త కదండీ!" బాబ్జీ గొంతు చిన్నదైపోయింది.

"చెత్తనే," అన్నాడు ఇమాం వలి ప్రశాంతంగా. "నీ కోట పడిపోయింది, సూస్కో."

ఆఖరి ఆట సుధకూ ఆయనకూ. గంటన్నర సాగింది. నత్త అడ్డం కూర్చుంటే చీమలు చుట్టూ తిరిగాయి. బురద ముంచుకొస్తే ఆమె మూడుసార్లు తన వంతు వచ్చినా కదలకుండా చీమల్ని దాచుకుంది. ఆయన చేతిలో బురద అయిపోయిందని లెక్కగట్టి, ఒక్కసారిగా పదకొండూ వదిలింది. నత్త ఒకదాన్ని ఆపింది. మిగతా పదీ కోటెక్కాయి.

సుధ నవ్వలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ, "భాయ్, నిజం చెప్పండి. వదిలేశారా?" అంది.

"తౌబా తౌబా! ఆఖరుకి నా చేతుల ఇంకొక్క బురద ఉంటే నువ్వు రైలెక్కుతుంటివా? సచ్చీ, నిజంగనే ఆడిన బేటా. చెమట సూడు."

నిజంగానే ఆయన చొక్కా తడిసి ఉంది. సుధ అప్పుడు నవ్వింది.

అందరూ వెళ్ళాక మెట్ల మీద ఆయన్ని పట్టుకున్నాను. "భాయ్, ఏ కార్డు విలువ ఎంతో మీకు మొదటినుంచీ తెలుసు."

"ఏందో సార్, జెర జెర."

"మరి నత్తకు రెండు డ్రాగన్లు ఎందుకిచ్చారు?"

ఆయన ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు. "ఎనిమిదిమంది నడుమ పొట్లం విప్పి, చెత్త వచ్చినోడి మొహం నేను సూడలేను సార్. ఆనాడు మీ మొహం మీరు సూస్కోలే. గుంజుకపోయింది."

బస్సులో నేను పట్టరాని గర్వంతో వేలాడిన రోజు గుర్తొచ్చింది. మాట మార్చాను. "పోనీ, వరద విషయంలో అందరితో అబద్ధం ఎందుకు ఆడారు?"

"అబద్ధమా?" ఇమాం వలి నిజంగానే నొచ్చుకున్నాడు. "మంచి కార్డును మంచి కార్డన్న. ఆట మారిపోతదన్న. సుధ తప్ప ఒక్కరన్న నమ్మిన్రా? నాదేం తప్పు సార్? ఉల్టా మీరే కాయితాలు పంచిన్రు." ఒక మెట్టు దిగి, ఆగి, మర్యాదగా అన్నాడు: "మీ కాయితం మస్తు పనిచేసింది."

మరుసటి ఆదివారం పైగదికి వెళ్ళేసరికి బల్ల మీద పంతొమ్మిది వరదలూ పంచి పెట్టి ఉన్నాయి. ఎవరివి వాళ్ళ ముందు.

"మీవి మీరు తీస్కోండ్రి," అన్నాడు ఇమాం వలి. "నా మాట నమ్మకుండ ఉండెతందుకు బెంగళూరుల నన్ను ఎరిగినోళ్ళు లేరు. ఆడ అందరి దగ్గర వరదలుంటయి. రెండు నెలల టైమున్నది. వరద వస్తే ఏం జెయ్యాల్నో బిడ్డకు మనమే నేర్పాలె."

వరదలన్నీ భాయ్ పోగేసింది సుధ చీమల కోసమని అందరికీ ఒకేసారి అర్థమైంది. బాబ్జీ తన వరదలు ఏరుకుంటూ, "మరి మీ డ్రాగన్లు భాయ్?" అన్నాడు.

"ఉంచుకోండ్రి. డ్రాగన్లు సుత ఉంటయి ఆడ."

సుధ మొహం ఎర్రబడింది. "అయితే నేను గెలిచింది..."

"నా నత్తను దాటి గెలిచినవ్. గీ బాబ్జీ దాటిండా? లేదు. సార్ దాటిండా? సార్ సంగతి వదిలెయ్."

సుధ కుర్చీ లాక్కుని, రబ్బరు బ్యాండు తీసి, చీమల్ని కలపడం షురూ చేసింది. "ముందెవరు?"

నా వ్యాసానికి ప్రాయశ్చిత్తంగా నేనే కూర్చున్నాను. అదృష్టం చూడండి, మొదటి చేతిలోనే రెండు వరదలు పడ్డాయి. ఆరో వంతు వచ్చింది. నేల నిండా చీమలు. వెయ్యబోయి ఆగాను. ఇంకొన్ని చీమలు పోగయ్యాక వేస్తే మరింత శాస్త్రీయంగా ఉంటుందేమోనని తోచింది. ఏడో వంతులోనూ అలాగే తోచింది. గదిలో అందరూ నా భుజం మీంచి చేతిలోకి తొంగిచూస్తున్నారు.

"సార్," అన్నాడు ఇమాం వలి, ఎంతో నెమ్మదిగా. "వరద ఎప్పుడొస్తది?"

"ఆలోచిస్తున్నాను భాయ్."

"జెర జల్దీ సార్. చీమలు మీ వంటింట్లకు వచ్చినయి."

తల ఎత్తి చూశాను. నా కోట లేదు. సుధ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. రెండు వరదలూ నా చేతిలో పొడిగా ఉన్నాయి.