పిన్ని ట్రయల్‌కి రమ్మంది

మా పిన్నికి కోపం వస్తే నోటి దారి నోటిది, చేతుల దారి చేతులది. నోరు తిడుతూ ఉంటుంది, చేతులు కుడుతూ ఉంటాయి. ఏం కుడుతున్నాయో మాత్రం ఆవిడ చూడదు. ఈ గుణమే మా బిల్డింగును కాపాడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఇక చాల్లే అని నవ్వేదాన్ని.

పిన్నిది కింద ముందు గది. ఇల్లూ అదే, టైలరింగ్ షాపూ అదే. దాని పై గదిలో నేను అద్దెకుంటాను. పైపు పగిలి గోడంతా చెమ్మెక్కింది, బాగు చేయించండి అని అడిగిన పాపానికి, ఓనరు ఆవిడని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఆ గది పోతే పిన్నికి నీడా పోతుంది, గిరాకీ పోతుంది. ఆవిడ ఏడవలేదు. అద్దెకున్న వాళ్లందరినీ మీటింగుకి పిలిచింది.

ఒక్క పురుగు వస్తే ఒట్టు. మళ్లీ పిలిచినా అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు వస్తారు మరి? ఆ నెలలోనే అద్దె పెంచిన ఓనరు గేటు పక్క ఆఫీసు గదిలోకి నన్ను పిలిచి, "నువ్వు మంచిదానివి కాబట్టి నీకొక్కదానికే తక్కువ పెంచాను, ఎవరితో అనకు" అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, గేటు దాటకుండానే పిన్నికి చెప్పేశాను.

"అందరికీ ఇదే పాట పాడుంటాడు" అంది పిన్ని. "మీటింగంటే రారు. ట్రయల్‌కి వస్తారు."

బిల్డింగులో ప్రతి ఇంటి బట్టా ఏదో ఒకటి పిన్ని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆదివారం పొద్దున అందరినీ ఒకే వేళకి రమ్మంది. పరిగెత్తుకొచ్చారు. వేసుకున్న బట్టల మీదే సగం కుట్టినవి తొడిగి, గబగబా గుండుసూదులు గుచ్చేసింది. బేకరీ మాస్టరు ఒంటిచెయ్యి చొక్కాలో, పై అంతస్తు నర్సు అంచు కుట్టని గౌనులో పక్కపక్కన ఇరుక్కున్నారు. ఆవిడ ఆరేసిన బట్టల నీళ్లు తన నెత్తిన కారుతున్నాయని ఆయనకు ఆవిడతో ఏడాదిగా మాటల్లేవు.

"కదిలితే గుచ్చుకుంటాయి" అంటూ పిన్ని తలుపు మూసింది. "ఇప్పుడు చెప్పండి. ఒక్కరికే తక్కువ పెంచాడట. ఎవరికి?"

ముందు మాస్టరు గొణిగాడు. "నాకేనండీ. చెప్పొద్దన్నాడు."

"మీకెందుకు పెంచుతాడు తక్కువ? నాకు" అంది నర్సు. ఏడాది మౌనం అలా చెడింది.

"మరి నాకో?" అన్నాడు ఆటో డ్రైవరు.

చూసుకుంటే అందరికీ పెంచింది ఒకటే. గది గొల్లుమంది. నవ్వు ఆగేసరికి కోపం పట్టుకుంది. పిన్ని ఓనరుని ఏకిపారేస్తూ, చేతికందిన బట్టకల్లా కచ్చాకుట్లు వేసుకుంటూ పోయింది. పాత అద్దే ఇస్తాం, పైపు బాగు చేయించాలి, టైలరమ్మని కదపకూడదు అని అడగాలనుకున్నాం.

"బట్టలు మార్చుకొస్తాం" అన్నాడు డ్రైవరు.

"వెళ్తే మళ్లీ రారు. ఇలాగే పదండి."

గుండుసూదులతోనే గుంపుగా ఆఫీసు గదికి వెళ్లాం. ఓనరు ఎగాదిగా చూశాడు. "ఏంటీ వేషాలు? ఒక్కొక్కళ్లే లోపలికి రండి, మాట్లాడదాం. మాస్టరూ, ముందు నువ్వు."

మాస్టరు తల వంచుకుని కదిలాడు. అయిపోయింది, మళ్లీ ఒక్కొక్కళ్లనీ విడగొట్టేస్తాడు అనుకున్నాను. అంతలో ఆయన పక్కనే నర్సు కూడా గెంతుకుంటూ వెళ్లింది.

"నిన్ను కాదమ్మా పిలిచింది" అన్నాడు ఓనరు.

"నన్నేం చెయ్యమంటారు? ఈయనకేసి కుట్టేసింది" అంది నర్సు.

ఆయన చొక్కా అంచు, ఆవిడ గౌను నడుము కలిపి పిన్ని కచ్చాకుట్టు వేసేసింది. పగలబడి నవ్వాం. ఒక్క లాగు లాగితే తెగిపోయే దారం అది. మాస్టరు దాన్ని చూశాడు, నర్సుని చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ పిన్నిని చూశాడు. లాగలేదు.

"ఒక్కణ్ణే రావడం కుదరదండీ. వస్తే అందరం వస్తాం" అన్నాడు.

ఆ అగ్గిపెట్టంత గదిలోకి అందరం దూరాం. గుండుసూదులకి భయపడి ఓనరు కుర్చీతో సహా గోడకి అతుక్కుపోయాడు. ఎవరితోనూ రహస్యం మాట్లాడే వీల్లేక, అందరి ఎదుటా అన్నిటికీ ఒప్పుకున్నాడు. పిన్ని గది పిన్నికే అని ఆయన నోటితోనే రెండుసార్లు చెప్పించాం.

తిరిగొచ్చాక పిన్ని కత్తెర పట్టుకుని, ఆ ఇద్దరి కుట్టు విప్పడానికి వంగింది. ఎంత వెతికినా దారం దొరకడం లేదు. అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి.

"నిదానంగానే విప్పండమ్మా" అన్నాడు మాస్టరు. "మనమెవరం ఎక్కడికీ పోవట్లేదు కదా."