ఊడని బంపర్

నాకు తొందరెక్కువ. కరీంనగర్‌లో రోబో పోటీ జరిగిన రోజు పొద్దున్నుంచీ నా కాలు ఒక్కచోట నిలవలేదు. ఇంజనీరింగ్‌లో ఆఖరి ఏడాది, ఇక మళ్లీ అవకాశం రాదు. తనిఖీలో తప్పితే రోబో బరిలోకే దిగదు.

రోబో చుట్టూ బంపర్లు మేమే చేసుకున్నాం. చెక్క, దానిమీద ఫోమ్, పైన ఎర్రగుడ్డ. తూకం వేసేటప్పుడు వాటిని విప్పి, మళ్లీ బిగించాలి. అందుకే స్పానర్ లేకుండా వేళ్లతో తిప్పే చెవుల నట్లు పెట్టాం. పోటీ చూద్దామని మా నాన్న వచ్చాడు. నేను బాపు అంటాను. ఆయన బొగ్గుగనిలో ఫిట్టర్. రోబోను ఆయనకు అప్పజెప్పి మా జట్టంతా చాయ్ తాగడానికి పోయాం.

తిరిగొచ్చేసరికి తనిఖీ సారు మా బల్ల దగ్గరే ఉన్నాడు. బంపర్లు విప్పమన్నాడు. నట్టు పట్టుకుని తిప్పాను. కదిలితేనా! వంగి చూస్తే చెవుల నట్లు మాయం. వాటి చోట లావు నట్లు, సుత్తిదెబ్బలకు పుట్టగొడుగుల్లా పరుచుకున్న బోల్టు మొనలు. గనిలో నట్టు ఊడకుండా అలాగే కొడతారు. బాపు ఏ ఊరెళ్లినా పనిముట్ల సంచి వెంటే ఉంటుంది. వదులు నట్లు చూసి ఊరుకోలేకపోయాడు, పాపం.

పాపమని ఇప్పుడంటున్నాను. అప్పుడు మాత్రం ఒంటికాలి మీద లేచాను. ఎవరు ముట్టుకొమ్మన్నారని అందరి ముందూ అరిచాను. పక్క జట్టు తూకం ముగిసేలోగా విప్పకపోతే ఇంటికేనన్నాడు సారు.

బాపు సంచిలోంచి ఆక్సా బ్లేడు తీసి బోల్టు మొనలు కోశాడు. నేను ఆయన నెత్తి మీదే నిలబడి, అయిందా, అయిందా అని సతాయించాను. ఎలాగో ఊడాయి. తూకం సరిపోయింది. పక్క జట్టు వాళ్లిచ్చిన బోల్టులతో బంపర్లు మళ్లీ పెట్టాం. బాపు జేబులోంచి చెవుల నట్టు తీసి, బోల్టు దాకా తీసుకుపోయి, ఆగాడు. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టు బిడ్డా. గనిల ఒక్క నట్టు ఊడి పట్టాల మీది బొగ్గుడబ్బా జారింది. నా జోడీగాడు దాని కిందనే పోయిండు. గిట్ల ఒదులుగ పెట్టుడు నాతోని కాదు."

ఈ సంగతి బాపు ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. వేళ్లు మండేదాకా బిగించాను.

రోబోను మా జట్టులో ఇంకొకరు నడిపారు. నేను బాపు పక్కన నిలబడ్డాను. రోబోలు గుద్దుకున్నప్పుడల్లా హాలంతా ఈలలు. గుద్దుకున్నప్పుడల్లా బాపు నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.