నూట పన్నెండో చెత్త

నావల్ల ఒకసారి సముద్రతీరంలో యుద్ధం జరగబోయింది. ఆయుధం పొడవాటి చీపురు, తప్పు పూర్తిగా నాది. నవ్వండి, ఫరవాలేదు. పాప నిద్రపోయింది కాబట్టి ఇప్పుడు నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

అనకాపల్లిలో మా ఇల్లు. ఆయన పొద్దున్నే అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కితే చీకటిపడ్డాకే రావడం. అప్పటిదాకా నాకు తోడు ఐదు నెలల పాప. దానికి వచ్చిన మాట "ఊఁ" ఒక్కటే. ఆ "ఊఁ"లో జ్వరమేమైనా ఉందేమోనని గంటకోసారి నుదురు తడిమేదాన్ని. అలాంటి రోజుల్లో ఇంట్లోంచే చేసే ఉద్యోగం దొరికింది. డ్రోన్ తీసిన బీచ్ ఫొటోల్లో చెత్త ఎక్కడుందో వెతికి, దాని చుట్టూ గడి గీయాలి. ఆ మ్యాపు పట్టుకుని మనుషులు వెళ్లి ఏరుతారు. డిగ్రీ చదివినదాన్ని, చెత్త తెలియదా! ఎడమచేత్తో పాపని జోకొడుతూ, కుడిచేత్తో ఎడాపెడా గీసేశాను.

మూడో వారం సూపర్‌వైజర్ ఫోను.

"మేడం, మీ నూట పన్నెండో చెత్తకి యజమానురాలు ఉందండి."

"చెత్తకా?"

"నీలం ప్లాస్టిక్ అని గీశారే, అది వల. దాని మీద ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు. మావాళ్లు ఎత్తబోతే ఆవిడ చీపురు తిరగేసింది. మీరొచ్చి శాంతపరచకపోతే ఈ ఉద్యోగం ఉండదు."

ఉద్యోగం పోతే నాకు మళ్లీ మిగిలేది ఆ "ఊఁ" ఒక్కటే. పాపని ఎత్తుకుని, సగం ఇంటిని సంచిలో కుక్కి ఆటో ఎక్కాను.

తీరానికి చేరేసరికి ఇసుకలో చీపురుతో నిలబడి ఉంది ఆ వల యజమానురాలు నూకరత్నం.

"నా సేపల్ని సెత్త అన్నది నువ్వేనేటమ్మా?"

"పైనుంచి అలాగే కనిపించాయండీ..."

"పైనుంచి సూడ్డమేటి? కిందకొచ్చి వాసన సూడు!"

చూశాను. పాప తుమ్మింది.

"పక్కన నల్ల సంచని ఇంకోటి గీసేవంట. అదేటో తెలుసా? నా గొడుగు! దాని కింద నేను!"

నిజమే. ప్రతి ఫొటోలోనూ ఆ నల్ల సంచి అక్కడే ఉండేది, చుట్టుపక్కల మరో ప్రాణి లేకుండా. క్షమించమందామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ఆవిడ చీపురు కింద పడేసింది.

"ఓలమ్మా, సెత్తనిపించుకున్నదాన్ని నేనుంటే నువ్వేడుత్తావేటి? గొడుగు కిందకి రా, పిల్లకి ఎండ తగుల్తాది. పొద్దల్లా కాకుల్ని తోలడమే గానీ, నాతో మాటాడే మనిసేరీ?"

పాప పాలు కక్కడం దగ్గర్నుంచి ఆవిడ మోకాలినొప్పి దాకా మాట్లాడుకున్నాం. సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఆవిడే అందుకుంది. "ఈ పిల్లని తీసేత్తే మళ్లీ సీపురు తీత్తాను!"

నెల తిరిగాక మళ్లీ సూపర్‌వైజర్ ఫోను.

"మేడం, కొత్త ఫొటోలో గొడుగు పక్కన ఎర్ర సంచి ఒకటుంది. గీయలేదేం?"

"అది నేనండి."

పాప ఉయ్యాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దగ్గరికెళ్లి పలకరించకుండా దేని చుట్టూనూ గడి గీయను. పక్కన చీపురుంటే అసలే గీయను.