మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు

బండి దారిలో ఆగిపోతే దయ్యం పట్టిందనే మనుషులంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. డీజిల్ ఇంజన్ ఊరికే ఆగదు. డీజిలు అందకపోతే ఆగుతుంది, పైపుల్లో గాలి చేరితే ఆగుతుంది. నిమ్మకాయలు కట్టి దాన్ని నడిపించిన మొనగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పైగా మాది చర్చికి పోయే ఇల్లు. పోయినవాళ్ళు తిరిగి ఈ లోకానికి రారని చిన్నప్పుడే చెప్పారు, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాననే అనుకుంటున్నాను. అయినా ఈ సంగతి జరిగింది కాబట్టి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. బూర్గంపాడులో మా అన్న దావీదుకీ నాకూ కలిపి ఒక పాత జీపు ఉండేది. అడవి ఊళ్ళ జనాన్ని ఎక్కించుకుని, వంతెన దాటి భద్రాచలంలో దింపి, సాయంత్రానికి మళ్ళీ తెచ్చేవాళ్ళం. నడిపేది మేమే, విప్పేది మేమే. చిన్నచిన్న వాటికి మెకానిక్ దగ్గరికి పోవడం మాకు నామోషీ.

అప్పుడప్పుడూ ఇంజెక్టర్లు విప్పాల్సి వచ్చేది. విప్పితే పైపుల్లోకి గాలి దూరుతుంది. అది పోయేదాకా ఇంజన్ స్టార్ట్ కాదు. ఆ గాలి తియ్యడం ఇద్దరి పని. ఒకడు సీట్లో కూర్చుని తాళం తిప్పి సెల్ఫ్ కొడుతుండాలి. రెండోవాడు బానెట్ ఎత్తి, ఇంజెక్టర్ల మీది నట్లు వదులు చేసి, బుడగలు పోయి డీజిలు చిమ్మగానే ఒక్కోటి బిగించాలి. సెల్ఫ్ నా పని, పానా అన్న పని.

ఎత్తిన బానెట్ అడ్డంగా ఉంటుంది, సెల్ఫ్ గోలలో మాట వినపడదు. అందుకని పని కాగానే అన్న పానాతో మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టక్, టక్. నేను చెయ్యి తీసి, ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొడితే ఇంజన్ అందుకునేది. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి.

మా అన్నది ఎడమచేతి వాటం. నట్టు బిగించాడంటే మళ్ళీ విప్పడానికి నా తాతలు దిగిరావాలి. "ఏందన్నా, ఆ నట్టు నిన్నేమన్నది?" అని విసుక్కునేవాణ్ణి. పని అయ్యాక పానాని సంచిలో వెయ్యడు. బ్యాటరీ పక్క సందులో దోపుతాడు. షార్టయి ఒకనాడు బండి కాలిపోతుందని ఎంత మొత్తుకున్నా నవ్వేసేవాడు.

ఆ వానాకాలం అన్నకి జ్వరం వచ్చింది. మా వైపు జ్వరమంటే మలేరియానే. బిళ్ళలు మింగుతూ బండి నడిపాడు. అది తలకెక్కింది. ఖమ్మం దవాఖానాకి చేర్చేసరికి నన్ను గుర్తుపట్టలేదు. అక్కడే పోయాడు. అప్పటికి మా వదిన మరియమ్మ కడుపుతో ఉంది. పెళ్ళయిన చాన్నాళ్ళకి తొలి కాన్పు. ఆ బిడ్డ కోసం అన్న ఎంత ఎదురుచూశాడో నాకు తెలుసు. ఇంక మా ఇంట్లో మిగిలిన ఆశ ఆ కడుపులో బిడ్డే.

వాడకుండా నిలబెట్టేసరికి జీపు పాడయింది. తెల్ల పొగ, ఇంజన్ లోపల కొట్టుకోవడం. ఖమ్మంలో డీజిల్ పంపులు బాగుచేసే షాపుకి తీసుకుపోతే ఇంజెక్టర్లు పోయాయన్నారు. కొత్తవి వేయించాను. ఇంక దీని పీడ వదిలిందనుకున్నాను. అసలు పీడ అప్పుడు మొదలైంది.

పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ అయ్యేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు తడబడి ఆగిపోయేది. కొత్త ఇంజెక్టర్లు విప్పి చూస్తే ఒకదాని కింద పాత రాగి వాషర్ అంటుకునే ఉంది, దానిమీదే కొత్తది వేసేశారు. దొరికావురా దొంగా అనుకుని పాతది పీకేశాను. కొన్నాళ్ళు బాగానే తిరిగి మళ్ళీ ఆగింది. రిటర్న్ పైపు మార్చాను. ఫిల్టర్ మార్చాను. ఫీడ్ పంపు విప్పి కడిగాను. ప్రతిసారీ రోగం ఇదే అనుకోవడం, నాలుగు రోజులు నవ్వుకోవడం, మళ్ళీ అడవిలో నిలబడిపోవడం.

విప్పిన ప్రతిసారీ గాలి తియ్యాలి. సెల్ఫ్ కొట్టమని ఎవరో ఒకరిని బతిమాలి కూర్చోబెట్టి, అన్న నిలబడేచోట నేను నిలబడేవాణ్ణి.

వదిన వాళ్ళమ్మ మార్తమ్మ ఒకసారి అంది: "దావీదు పానం ఆ బండిల్నే ఉన్నది బిడ్డా. ఓసారి పాస్టరయ్యతోని ప్రార్థన పెట్టియ్యి."

"పైపుల ఉన్నది గాలి అత్తా, అన్న కాదు" అని కసిరాను.

కాన్పుకి వదిన పుట్టింటికి పోయింది. వాళ్ళది అడవి లోపల చిన్న పల్లె. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఊరి మనిషి సైకిలు మీద వగరుస్తూ వచ్చాడు. రాత్రి నుంచి నొప్పులు, బిడ్డ రావడం లేదు, మంత్రసాని తన వల్ల కాదంది. అప్పటికి మా పక్కకి అంబులెన్సులు రావు, అడవిలో సెల్లు పలకదు. ఉన్నది మా జీపే. దాన్ని నమ్మడానికి లేదు, నమ్మకపోతే వేరే దారీ లేదు.

పోయేటప్పుడు బాగానే పోయింది. వదినని వెనక పడుకోబెట్టి, అత్తని ఆమె పక్కనే కూర్చోబెట్టి భద్రాచలం దవాఖానాకి బయల్దేరాను. వాగు దాటి ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ రెండుసార్లు తడబడి ఆగిపోయింది.

మబ్బు పట్టి ఉంది. ముందూ వెనకా టేకు చెట్లు తప్ప మనిషి అలికిడి లేదు. బానెట్ ఎత్తి, డీజిలు తోడే చేతి పంపు కొట్టి, నాలుగు నట్లూ వదులు చేశాను. పానా మడ్‌గార్డు మీద పెట్టి, పరుగున పోయి సెల్ఫ్ కొట్టాను. దిగి వచ్చేలోగా చిమ్మడం ఆగి గాలి మళ్ళీ లోపలికి పోతోంది. మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. అత్తని పిలుద్దామంటే ఆమె వదిన భుజాలు గట్టిగా పట్టుకుని ఉంది, వదిలే పరిస్థితి కాదు. సెల్ఫ్ గొంతు మందగిస్తోంది. బ్యాటరీ దిగిపోతే ఇంక అంతే.

వదిన అరవడం మానేసింది. దాంతో నాకు ఇంకా భయమేసింది. సీట్లో కూర్చుని అన్న మీద మండిపడ్డాను. ఏడుస్తూనే పైకే అన్నాను: "పెండ్లాం నీది, బిడ్డ నీది. నువ్వేమో పోయి పండుకుంటివి. నేనొక్కణ్ణి ఎట్ల చెయ్యాలె?"

సెల్ఫ్ కొట్టాను.

టక్, టక్.

నా చెయ్యి దానంతటదే తాళం మీంచి లేచింది. ఏళ్ళ అలవాటు అది. వెనక నుంచి వదిన నీరసంగా అంది: "గాలి పోయింది. పోనియ్ ప్రసాదూ." మాతో ఎన్నోసార్లు తిరిగిన మనిషి, ఆ చప్పుడుకి అర్థం ఆమెకి తెలుసు.

మళ్ళీ కొట్టాను. ఇంజన్ అందుకుంది.

బానెట్ దించాలి కాబట్టి దిగాను. నాలుగు నట్లూ బిగించి ఉన్నాయి. మడ్‌గార్డు మీద పానా లేదు. బ్యాటరీ పక్క సందులో దోపి ఉంది. బానెట్ దించి, వచ్చి సీట్లో కూర్చున్నాను. భయపడే తీరిక లేదు. భద్రాచలం దాకా బండి ఒక్కసారి కూడా తడబడలేదు.

ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకి చుట్టుకుంది, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ చెప్పింది. దారిలో తనేమందో వదినకి గుర్తులేదు. అత్తని అడిగితే, "రెండుసార్లు కొట్టింది నేను గూడ విన్న. నువ్వే అనుకున్న" అంది. కాసేపటికి నా మొహం చూసి, "నువ్వు కాదా?" అంది.

తర్వాత జీపు కిందికి దూరి వెతికితే అసలు రోగం దొరికింది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు, క్లిప్పు కింద పగిలి ఉంది. నా గోరు లోపలికి పోయింది. అంత పగులుతో ఇంజన్ గాలి పీల్చి కాసేపట్లోనే ఆగిపోవాలి. ఆ గతుకుల రోడ్డు మీద వంతెన దాటి భద్రాచలం దాకా ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఇంజెక్టర్ల మీది నట్లు విప్పబోతే బలం కోసం పానాకి గొట్టం తొడిగి, మీద పడితే గానీ కదల్లేదు. నా బిగింపు అలా ఉండదు.

కంగారులో నేనే బిగించి మర్చిపోయానేమోనని చాలాసార్లు ఆలోచించాను. అయ్యుండొచ్చు. మరి సీట్లో ఉన్న నాకూ, వెనక ఉన్న వాళ్ళిద్దరికీ వినపడిన ఆ దెబ్బలు ఎవరివి?

పైపు మార్చాక ఆ జీపు మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. సంతోషించాల్సిన మాటే. కానీ నాకు అన్న కావాలనిపించింది.

జీపు అమ్మే ముందురోజు దాన్ని ఒక్కణ్ణే ఆ వాగు దాటించి ఎత్తు మీద ఆపాను. ఏ రోగమూ లేని ఇంజన్‌కి నాలుగు నట్లూ వదులు చేసి, పానా మడ్‌గార్డు మీద పెట్టి, సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాను. చెవులు అటే పెట్టుకుని, బ్యాటరీ గొంతు పోయేదాకా కొట్టాను.

ఏ చప్పుడూ రాలేదు. దిగి, ఒక్కో నట్టూ నేనే బిగించుకున్నాను. పానా జేబులో పెట్టుకోబోయి, బ్యాటరీ పక్క సందులో దోపాను.