అద్దం లోపలి ఆవిరి

దయ్యాలను నమ్మనివాళ్లలో నన్ను మొదటి వరుసలో కూర్చోబెట్టవచ్చు. ఎల్లారెడ్డిలో మా గుమ్మానికి అమ్మ కట్టిన దిష్టి గుమ్మడికాయ కుళ్లితే తీసి పారేసింది నేనే. బాణామతి చేశారంటూ పక్క ఊళ్లో గొడవైతే, మా విద్యార్థులను వెంటేసుకుని వెళ్లి అదంతా ఒట్టిదని చెప్పి వచ్చాను. అందుకే ఇది రాయడం నాకే సిగ్గుగా ఉంది. చూసింది చూసినట్టు రాస్తాను, అంతే.

కామారెడ్డిలో నేను చరిత్ర చెప్పే కాలేజీలో పాత వస్తువుల గది ఒకటి ఉంది. చిన్న మ్యూజియం అనుకోండి. దాని బాధ్యత నాదే. పోయిన ఏడాది ఒక పెద్దమనిషి చనిపోతే, ఆయన పోగుచేసుకున్న సామానంతా ఇంటివాళ్లు మాకిచ్చేశారు. అందులో ఒక కొయ్య ముఖం ఉంది. ఆదిలాబాద్ వైపు గోండు గూడెంలో పండగ ఆటకు కట్టుకునేదని వెనుక చీటీ అతికించి ఉంది. కళ్లకు రెండు రంధ్రాలు, నోటికి సన్నని చీలిక. చూడగానే మనసు పారేసుకున్నాను. గది మధ్యలో పెట్టించాను.

అద్దాల పెట్టె చేసింది రఫీక్ భాయ్. బస్టాండు వెనుక అతని దుకాణం. అన్ని వైపులా అద్దం బిగించి, అంచులకు సిలికాన్ పూశాడు. తేమ పీల్చే పొట్లాలు లోపల నేనే పెట్టాను.

ఏప్రిల్ నెల. ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు, గది ఊడ్చే సాయవ్వ స్టాఫ్ రూముకు వచ్చింది. ఆమెది బీబీపేట. ఊరికే భయపడే మనిషి కాదు.

"మేడం, అద్దానికి లోపలి దిక్కు ఆవిరి పడ్తుంది. తుడుద్దామంటే నా చెయ్యి పోతలేదు."

వెళ్లి చూశాను. ముఖం నోటికి ఎదురుగా అరచేయంత ఆవిరి. చూస్తుండగానే చెదిరిపోయింది. కాసేపటికి మళ్లీ పట్టింది. బయట ఎండ మండిపోతోంది, గదిలో ఏసీ కూడా లేదు. నా ఊపిరి అనుకుని దూరంగా, తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడినుంచి కూడా కనిపించింది. నేను మూడుసార్లు ఊపిరి తీసుకుంటే అది ఒకసారి పట్టేది. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయి, ఇక రాదనుకున్నాక వచ్చేది.

గురువారం రఫీక్ భాయ్‌ని పిలిపించాను. అంచులన్నీ వేలితో తడిమి చూశాడు. "మేడం, గాలి దూరెటందుకు సందు లేదు. ఖసం. నా పనిల లోపం లేదు" అన్నాడు. అయినా నా తృప్తి కోసం ఇంకో పూత వేశాడు. చాయ్ తాగమంటే వద్దని వెళ్లిపోయాడు. ఆవిరి మాత్రం తగ్గలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చాడు. పేరు భీంరావు. డెబ్బై దాటి ఉంటాయి. మా గది గురించి పేపర్లో పడ్డ ఫోటోను మడిచి జేబులో పెట్టుకుని, నిర్మల్ మీదుగా బస్సులు మారి వచ్చాడు. నేరుగా పెట్టె దగ్గరకు వెళ్లి, ఆవిరి పట్టిన చోటే బయటినుంచి అరచెయ్యి ఆనించాడు.

"ఉన్నడు" అన్నాడు.

ఎవరని అడిగితే చెప్పాడు. ఆ ముఖం వాళ్ల అన్నది. నాలుగేళ్ల కింద పండగ ఆట మధ్యలో అన్న కుప్పకూలితే ఆసుపత్రికి మోసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో ముఖం లేదు. వాళ్ల ఇంటి పద్ధతి ప్రకారం, ఆట ముగిశాక ముఖాన్ని ఒడిలో పడుకోబెట్టి, నోరు నీళ్లతో తడిపి, ఆట అయిపోయిందని చెప్పాలట. చెప్పేదాకా కట్టుకున్నవాడి ఊపిరి అందులోనే ఉంటుందట. అన్ని గూడేల్లో ఇంతేనో కాదో నాకు తెలియదు.

"నాలుగేండ్ల సంది మంచంల పడ్డడు మేడం. ఊపిరి ఆగి ఆగి తీస్తడు. బతుకుతలేడు, పోతలేడు. దీన్ని కొండవోను నేను. ఐదు నిమిషాలు నా ఒళ్లె పెట్టున్రి. మల్ల మీ అద్దంలనే పెట్టుకోన్రి."

నేను కుదరదన్నాను. సోమవారం గది చూడటానికి పెద్ద అధికారులు వస్తున్నారు. సీలు కోస్తే మళ్లీ బిగించాలి. ముఖం మీ అన్నదేనని సర్పంచ్ దగ్గర ఉత్తరం రాయించుకుని తెమ్మన్నాను. వాదించకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం నేను, సాయవ్వ గది సర్దుతున్నాం. మధ్యాహ్నం నుంచి ఆవిరి చిన్నదవుతూ వచ్చింది. నాలుగు ఇరవైకి రూపాయి బిళ్లంత పట్టి ఆరిపోయింది. గంటసేపు ఎదురుచూశాం, మళ్లీ రాలేదు. "పీడ వోయింది మేడం!" అని సాయవ్వ చేతులు జోడించింది. నేనూ సంతోషించాను. సీలు సర్దుకుందని టైము వేసి రిజిస్టర్లో రాసుకున్నాను. సోమవారం వచ్చినవాళ్లు గదిని మెచ్చుకుని వెళ్లారు.

పది రోజుల తర్వాత భీంరావు మళ్లీ వచ్చాడు. సర్పంచ్ ఉత్తరం బల్ల మీద పెట్టాడు. అందులో తేదీ ఆ ఆదివారానిదే. సంతకం పెట్టించుకుని ఇంటికి వెళ్లేసరికి అన్న పోయాడట. ఎన్నింటికని అడిగాను.

"నాలుగు దాటింది. నాలుగున్నర బస్సు ఇంక రాలే."

ఎవరి అనుమతీ అడగలేదు. సాయవ్వ చాకు తెస్తే సీలు నేనే కోశాను. ముఖం బయటికి తీసి, నీళ్ల సీసాతో పాటు ఆయన ముందు పెట్టాను. ఆయన చేతులు చాపలేదు.

"ఇగ ఎవలికి చెప్పాలె మేడం, ఆట అయిపోయిందని? మా అన్న ఇంట్ల పోలే. గీ అద్దంలనే పోయిండు. మీరిద్దరు జూసిన్రు గదా."

ఆదివారం జరిగింది ఆయనతో నేను చెప్పలేదు. సాయవ్వా చెప్పలేదు. ఆయన ముఖాన్ని ముట్టుకోకుండానే బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

గాలి దూరని పెట్టెలోకి ఆ ఆవిరి ఎలా వచ్చిందో, ఆ ముసలాయనకు మా సంగతి ఎలా తెలిసిందో ఈ రోజుకీ నేను చెప్పలేను. ఐదు నిమిషాలు ఎందుకివ్వలేదో మాత్రం చెప్పగలను. సోమవారం గది చక్కగా కనిపించాలనుకున్నాను.